డ్రెస్సింగ్ గదిలో నాపరాయి

ఎర్రగుంట్ల ఆసుపత్రిలో మా డ్రెస్సింగ్ గదికి
ఒకటే కిటికీ.
తెరిస్తే నాపరాళ్ల మిల్లు దుమ్ము,
మూస్తే స్పిరిట్ వాసన.
నేను మూసే ఉంచుతాను.

ఈ పొద్దు బల్ల మీద హుసేనప్ప కాలు.
అరికాల్లో, బొటనవేలి మొదట్లో, పుండు.
చెప్పులో రాతిముక్క దూరితే
మూడు రోజులు దాని మీదే నడిచినాడంట.
"నొప్పే లేదు సిస్టరమ్మా. నొప్పుంటే ఆ పొద్దే రానా?"
నర్సింగ్ పిల్ల షాహీన్ ముఖం తేలికపడింది.
నాది బరువెక్కింది.
నొప్పి లేదన్న మాటని
కేసు షీటులో ఎర్ర ఇంకుతో రాయమన్నాను.
పదకొండేళ్లుగా షుగరు
చడీచప్పుడు లేకుండా తింటా ఉన్నది
ఆ కాలి నరాల్నే.

"తోలు గురించి చెప్పు షాహీన్."
"పైపొర, నడిమి పొర, కొవ్వు పొర..."
పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.
హుసేనప్ప పడుకునే నవ్వినాడు.
"మా గనిలోనూ అంతే పాపా.
పైన గరుసు. దాని కింద పెళుసు రాయి, దేనికీ పనికిరాదు.
ఇంకా దిగితే నాప.
ఆడ తెలియాల, గడారి ఎట్ల పట్టాలో.
సందు చూసి కొడితే బండ అప్పడం మాదిరి లేస్తాది.
అడ్డం కొడితే గుండ."

సరే, నేనూ గని దిగినట్టే చెప్పాను:
పైపొరలో నెత్తురు పారదు.
దాని అడుగున పుట్టిన కణం
ఇంచుమించు నెలరోజులు పైకి నడిచి, చచ్చి,
మన తువ్వాలుకంటుకుని పోతుంది.
సంసారమంతా దాని కింది పొరలో.
నెత్తురు కాలువలు, చెమట బుగ్గలు, వెంట్రుక వేళ్లు,
వేడినీ ముల్లునీ కబురు చేసే తీగలు.
"అరికాల్లో వెంట్రుకలుండవు కదా మేడమ్?"
నిజమే.
ఈ పిల్ల వినడమే కాదు, చూస్తోంది.
దాని కింద కొవ్వు పరుపు. ఇంకా పోతే ఎముక.
ఎముక తగిలిందా, మన గదిలో పని కాదు,
కడపకు రాయాల.

చేతులు కడుక్కో. గోళ్ల సందులు మరవొద్దు.
పాత గుడ్డను పీకొద్దు, సెలైన్ పోసి నాననీ.
ఎండిన గుడ్డ పీకితే
నాలుగు రోజులు కష్టపడి పుట్టిన కండ
దాని వెంటే లేచొస్తుంది.
ఇదో, పచ్చగా జిగటగా ఉన్నది చచ్చిన సరుకు.
ఈ మూల దానిమ్మ గింజల్లాగా, ఎర్రగా, తడిగా,
అది పుడుతున్న కండ.
దాని మీద స్పిరిట్ పోసినా, కాఫీపొడి అద్దినా
పసిబిడ్డ నోట్లో సున్నం పెట్టినట్టే.

తలుపు పక్కన మాబున్ని తల వంచుకుంది.
కాఫీపొడి ఆమెదే.

"గాలికి ఆరబెడితే మానదా?" అంది కాసేపటికి.
ఆరితే పక్కు కడుతుందమ్మా.
కొత్త తోలు దాని కింద దారి తవ్వుకుంటూ రావాల.
కొంచెం తడి ఉంటే జారుతూ వస్తుంది.
మరీ తడైతే అంచులు తెల్లగా నానిపోతాయి,
బండెడు బట్టలుతికిన వేళ్ల మాదిరి.
మాబున్ని తన వేళ్లు చూసుకుంది.

షాహీన్ కాగితం స్కేలు పెట్టి చదివింది:
పొడవు మూడున్నర, వెడల్పు రెండు.
"అడుగుల్లో ఎంత?" అన్నాడు
నలభై ఏండ్లు చదరపడుగుల కూలి తిన్న మనిషి.

తొమ్మిదో వారానికి మిగిలింది
చింతగింజంత లేత గులాబీ మచ్చ.
"మళ్లీ మునుపటంత గట్టిగుంటాదా?"
అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.
"మహా అయితే నూటికి ఎనభై. దానికి మించదు."
పైకప్పు చూస్తూ లెక్కేసుకున్నాడు.
"మా బండకు పగులొస్తే సున్నా సిస్టరమ్మా.
ఎనభై అంటే శానా ఎక్కువ."

దిగి, చెప్పు తీసుకుని,
బోర్లించి గోడకేసి తట్టి,
లోపల కన్ను పెట్టి చూసి, చేత్తో తడిమి,
అప్పుడు కాలు పెట్టినాడు.

"రెండోది?" అంది షాహీన్.