యూ చెట్టు దగ్గర

హాలిఫాక్స్‌లో వాన వెలిసిన మంగళవారం.
చెత్త లారీ వెళ్లాక వీధిలోకి దిగాం,
నేనూ, పక్కింటి విల్ఫ్.

పదకొండో నంబరు కంచె మీద రాబిన్,
అద్దె వసూలుకొచ్చినవాడిలా ఛాతీ విరుచుకుని.
చిమ్నీ మీద స్టార్లింగులు. అందులో ఒకటి
ఎవరిదో కారు అలారాన్ని అచ్చు దింపేస్తోంది.
"దొంగవెధవ!" మురిసిపోయాడు విల్ఫ్.

చర్చి మలుపులో యూ చెట్టు.
కొమ్మ చివర గోల్డ్‌క్రెస్ట్,
బొటనవేలంత, నెత్తిన పసుపు గీత.
సూదితో గాజు గీసినట్టు
సన్నగా ఒకటే పాట.

"గొంతు పోయిందేమో దీనికి,"
అన్నాడు, నలభై ఏళ్లు
తివాచీ మగ్గాల మోతలో బతికిన మనిషి,
తెరుచుకుని మూసుకుంటున్న ముక్కునే చూస్తూ.

జవాబు చెప్పలేదు.
అతని అరచేతిలో వేలిగోరుతో గీశాను:
చిన్నది, చిన్నది, పొడుగు,
చివర ఒక మెలిక.

ఇంకోసారి, అన్నాడు.
పిట్ట ఎప్పుడో ఎగిరిపోయింది.
గీస్తూనే ఉన్నాను.