సలికోట్లు

డిసెంబర్ల మా లాండ్రీకి కోట్లస్తయ్.
ఎడారి ఊర్లె ఉన్ని కోట్లు.
నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న.
మనామల, గుదైబియా సందుల, షవర్మా పొగ పక్కపొంటి,
డాంబర్ గోళీల వాసనేసుకొని
అల్మారల పదకొండు నెలలు పండి లేచి
కండ్లు నులుముకుంట దిగుతయ్.

ఇయ్యి నాలుగు మోజెస్ సారోల్లయి.
సారుది నల్లది, భుజాలకాడ జెర ఎలిసింది.
కెజియమ్మది మెరూన్, లోపటి అస్తరు పట్టంటది.
పట్టు కాదని ఏలు పెట్టంగనే ఎర్క నాకు,
సిరిసిల్లల పదమూడేండ్లు సాంచెల నడుమ నిలవడ్డోన్ని.
శారోను చేతులు నిరుటికే కోటు దాటినయ్,
గుండీలు జరిపిన.
అండ్ల సిన్నది ఏబెల్‌ది. పసుపుపచ్చ. కోడిపిల్ల లెక్క.

వాళ్ళది నర్సాపురం దిక్కు.
మాట మాటకు 'అండి' అతికిస్తరు.
నేను సారును సుత 'నువ్వు' అంట, లోపట్లోపట నవ్వుకుంటరు.
'ఈసారి వియన్నా అండి, రాజలింగం గారూ,
పండగ అక్కడే, కొత్త సంవత్సరం దాకా.'
గారు అనంగనే
ఇస్త్రీపెట్టె ఒక్క గడియ ఆగింది నా చేతుల.

బయట సడకు మీద ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు,
జాతీయ దినానికి కట్టినయి.
క్రిస్మస్ తాత కోసమేనని ఏబెల్ గానికి గట్టి నమ్మకం.
నేనేం చెప్పలే.
'నీకేం తేవాలి అంకుల్?'
'ఏం తెస్తవ్ రా, జెరంత మంచు పట్కరా.'
ఊకనే అన్న.
నలభై ఏండ్ల మనిషిని. మంచంటే
జాతరల ఐస్ గోలా,
చేపల మార్కెట్ల గంపల కింద కారే నీళ్ళు.
గంతే నా సదువు.

పండుగ తెల్లారి సారు ఫోటోలు పంపిండు.
బషీరిక్క, నేను ఒకే తెర మీదికి వంగినం.
ముందుగాల మొఖాలు సూడలే, కోట్లు సూసిన.
నల్లదాని మడత అట్లనే ఉంది, శబాష్.
మెరూన్ మీద తెల్ల సుక్కలు.
పచ్చదాని నిండ చాక్లెట్.
చర్చి మెట్ల మీద నలుగురు,
నోట్లకెల్లి పొగ, మా పెట్టె ఆవిరి లెక్కనే.
ఎన్క అంగట్ల గాజు బుగ్గలు,
బొగ్గుల మీద కాలుతున్న గింజలేవో.
కెజియమ్మ పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతున్నది.
నాకెర్కున్న మొఖం
ఆస్పత్రి డ్యూటీ దిగి, బిల్లు ఇచ్చి పొయ్యే మొఖం.

జనవరి ఐదుకు కోట్లు మల్ల అచ్చినయ్.
జేబులు తడుముడు మా రివాజు.
ట్రామ్ టికెట్లు, సూదుల లెక్క ఎండుటాకులు,
దాల్చినచెక్క వాసన.
శారోను జేబుల ఎవ్వలిదో ఫోన్ నంబరు.
అది మడిచి గుండీల డబ్బల దాసి
ఏం సూడనట్టు ఆ పిల్ల చేతికే ఇచ్చిన.

ఏబెల్ మాత్రం తానే అచ్చి ఇచ్చిండు,
బొటనవేలంత హోటల్ షాంపూ సీసా.
'మంచు అంకుల్. మెట్ల మీద నేనే తీశానండి.
కరిగిపోయింది. కానీ అదే.'
కానీ అదే!

ఏం చేస్తం గా నీళ్ళను? తాగుతమా?
ఇస్త్రీపెట్టె పొట్ట తెరిచి పోసిన.
ముందట ఎవ్వలిదో తెల్ల తోబు పరిచి ఉంది.
బుస్సుమన్నది పెట్టె.
ఆవిరి లేచింది, నిమ్మకాయ వాసన లేచింది,
ఎన్కనే నురుగు లేచింది!
సీసా కడిగిండా పోరడు? ఎందుకు కడుగుతడు.
తోబు ఛాతి మీద బుడగలు,
బషీరిక్క గోడ పట్టుకొని నవ్వుడు,
అర్బాబ్ తిట్లు సగం అరబ్బీ, సగం హిందీ.

మల్ల ఉతుకుడు, మున్నూరు ఫిల్సులు
నా ఖాతల రాసిండ్రు.
రాయనియ్యి.
పొద్దుమీకెదాక దుకాణం నిమ్మతోట లెక్కుండె.
ఉప్పునీళ్ళ నడుమ గీ ఊర్లె
మంచు గింత సస్తగ
ఇంకెవ్వలకు దొరికిందో చెప్పుండ్రి.