మూడు రాళ్ల మీద బండి

ఆదోనిలో మా తాతది దూదేకే విల్లు.
మా నాయనది హమాలీ కొక్కెం.
నాకిప్పుడు కొమ్ముల బండి తాళంచెవి కావాల.

తొలిదినం కండ్లు చూసినారు.
పెద్దాసుపత్రి గోడకు ఇంగ్లీషు అక్షరాల అట్ట.
చదవను రాదన్యా.
నర్సమ్మ అట్ట తిప్పింది.
వెనకంతా మూడు పండ్ల దువ్వెనలు.
పండ్లు యా దిక్కుకుండాయో చేత్తో చూపమనింది.
అడుగు వరస దాకా చూపినా.
"పత్తిలో పురుగులేరిన కండ్లు, తప్పుతాయా"
అనింది పక్కన కూర్చున్న అవ్వ.
ఆయమ్మ యావరో నాకు తెల్దు.

జిన్నింగు మిల్లు వెనక పదిదినాలు పాఠం.
కర్నూలు నుంచి వచ్చిన శేషఫణి సారు
సుద్దముక్కతో నేల మీద మూడు చుక్కలు పెట్టినాడు.
ముందు చక్రాల కాడ రెండు, వెనక ఇరుసు నడుమ ఒకటి.
"బరువు ఈ మూడింటి లోపలే ఉండాల.
దాటిందా, బోర్లా."
మగపిల్లోళ్లంతా రాసుకుంటాండారు.
నేను రాసుకోలా.
మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి గెలికినదానికి
కుండ యాడ ఒరుగుతుందో ఒకరు చెప్పల్లనా?

తిప్పేది మటుకు నన్ను ఏడిపించింది.
ముందు చక్రాలు గమ్మునుంటాయి, వెనకవి తిరుగుతాయి.
మనం కుడికి పోతే తోక ఎడమకు ఊగుతుంది,
కొట్టంలో ఈగలు తోలుకునే ఎనుము మాదిరి.
నాలుగో దినం ఆ తోకతోనే
సారు స్కూటరు పడేసినా.
అద్దానికి నూటాయాభై.

"బేలు మొగానికి అడ్డమొస్తే?"
"వెనక్కి తోలాల సార్."
"మలుపు కాడ?"
"హారను."
"కొమ్ములు ఎంత ఎత్తులో?"
"జానెడు లోపల."
"కొమ్ముల కింద ఎవరన్నా నడిస్తే?"
"బండి నిలిపి తిట్టాల."
తిట్టేది పుస్తకంలో లేదన్యాడు.
మార్కు మాత్రం ఏసినాడు.

ఒక్క ప్రశ్న కాడ నిలబడిపోయినా.
"బండి ఒరుగుతాంది. ఏం చేస్తావు?"
దుంకుతా.
అందరూ దుంకుతామనే అన్యారు.
తప్పు. దుంకినోని మీదనే పడుతుందంట బండి.
బెల్టు విప్పగాకు. చక్రం గట్టిగా పట్టుకో.
కాళ్లు తన్నిపెట్టి, ఒరిగే దిక్కుకు ఎదురు వాలు.

హమాలీల కట్ట దీనికి ఎదురు.
నూట డెబ్బై కిలోల బేలు లారీ మీంచి జారితే
వదిలేసి పక్కకు దుంకాల.
మా నాయన వదల్లా.
వానకు తడిసిన నేల.
బురదలో పడితే సేటు కూలి కోస్తాడని
వీపు ఆనించినాడు.
పన్నెండేండ్లుగా ఆ వీపు మంచం ఇడవలా.
జారే బరువును వదలాల.
ఒరిగే బండిని వదలగూడదు.
ఈ రెండు మాటలు ఒక్క ఇంట్లో సర్దేకి
నాకు ఒక రాత్రంతా పట్టింది.

పరీక్ష దినం
ఎర్ర టోపీల నడుమ బేలు తెచ్చి
మూడో వరస మీద పెట్టాల.
ఒక టోపీ పడింది. పదైదు దినాలకు రమ్మన్యారు.
పోయినా. ఈసారి పడలా.
కార్డు మీద నా పేరు మాబున్ని కాదు, మాబూని.
మూడేండ్లకు మళ్లా పరీక్ష అంట,
అప్పుడన్నా సరిజేస్తారేమో.

హమాలీ మేస్త్రి ఉరుకుందప్ప
దొంగనోటు చూసినట్ల
కార్డును ఎండకు పట్టి చూసినాడు.
"ఎనిమిది మంది కూడు తింటుంది పాపా ఇది."
కాదనేకి నోరు రాలా.
ఆ ఎనిమిదిలో నలుగురు
నాయన్ను తలుపుచెక్క మీద ఆసుపత్రికి మోసినోళ్లు.

తొలి బేలు ఎత్తినా.
గోడౌను మలుపులో హారను కొట్టినా.
టీ తాగుతాండే వాళ్లు లేయలా.
మళ్లా కొట్టలా.
కొమ్ములు నేలకు దించి, బ్రేకు లాగి,
తాళంచెవి తీసి నడుముకు చెక్కుకుని దిగినా.
దిగేటప్పుడు అట్లనే చేయమని సారు చెప్పినాడు.
దిగినాక యాడ కూర్చోవల్లనో చెప్పలా.

ఉరుకుందప్ప బెంచీ మీద
రవ్వంత జరిగినాడు.