మూడో కొట్టుడు

కొండపికి రెండు మైళ్ల ఇవతల
బ్యారన్ ముందు గోనెపట్టా మీద ఎస్తేరమ్మ.
ఒళ్లో పచ్చాకు, పక్కన కర్ర.
అల్లుతూనే అడిగింది:
"ఎప్పుడు పంపమంటావు సారూ?"

నా జేబులో కాగితం, నాలుగు మడతలు.
మే నెలలో, నెల్లూరులో, ఐదు రోజుల ఫుట్‌బాల్ క్యాంపు.
కాలేజీ కోచ్‌లు వస్తారు. కుర్చీలేసుకుని చూస్తారు.
నచ్చిన పేరు పక్కన టిక్కు పెట్టుకుంటారు.
టిక్కు పడితే సీటు, హాస్టలు, రెండు జతల బూట్లు.
పడకపోతే
పడలేదని ఎవరూ చెప్పరు.
అదీ కష్టం.

దీవెనకి పద్నాలుగు. తొమ్మిదో తరగతి.
ఎడమకాలి పిల్ల.

ఇరవై రెండేళ్లుగా ఈల మెళ్లో వేసుకుని తిరుగుతున్నాను,
ఈ ప్రశ్నకి రెండుసార్లు జవాబు తప్పు రాశాను.

ఖాజావలిని ఎనిమిదిలోనే తీసుకెళ్లాను.
ఆత్రం నాది, వాడిది కాదు.
మీసాలొచ్చిన పిల్లకాయల మధ్య
ఐదు రోజులూ గీత అవతల నిలబడి
నీళ్లసీసాలు అందించాడు.
తిరుగు బస్సులో సింగరాయకొండ దాకా నోరిప్పలేదు.
అప్పుడడిగాడు, "సార్, నేను బాగా పొట్టా?"
ఆ తర్వాత వాడి కాలు
బంతిని అనుమతి అడిగి తాకేది.
ఇప్పుడు టంగుటూరులో పంచర్లు వేస్తాడు.
నా బండికి డబ్బులు తీసుకోడు.
తీసుకుంటే బాగుండు.

మాలకొండయ్య దగ్గర జాగ్రత్తపడ్డాను.
"ఇంకొంచెం ముదరనీ" అన్నాను.
మరుసటేడూ అదే మాట.
ఇంటర్ రెండో ఏడు పరీక్షలయ్యాక పంపాను.
ఆ పూట వాడు ఆడిన ఆట
మా బడి నేల మీద ఎన్నడూ ఆడలేదు.
ఒక కోచ్ కుర్చీలోంచి లేచాడు కూడా.
లేచి నా దగ్గరికొచ్చి,
"మా జాబితా పోయినేడే నిండింది మాస్టారూ,
ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు ఈ కుర్రాణ్ని?"
దాచలేదండీ, అనబోయాను.
దాచానేమో.

ఎస్తేరమ్మకి ఇవన్నీ చెప్పలేదు.
"ఆకు ఎప్పుడు కొట్టాలో నీకెట్టా తెలుస్తది?" అన్నాను.
నవ్వింది,
చదువుకున్నోడు అడగాల్సిన మాటేనా ఇది అన్నట్టు.
"చెట్టుకి చెట్టు ఒక్కపాలే ఎవరు కొడతారు సారూ?
అడుగాకు ముందు. పసుపు తిరిగినంత వరకే.
నడిమాకుకి ఇంకో నాడు, కొసాకుకి ఇంకో నాడు.
ఇదిప్పుడు మూడో కొట్టుడు.
పట్టుకుంటే అదే చెప్తది.
టక్కున విరిగిందా, నీదే.
నారతో ఊడొచ్చిందా, అదింకా తల్లిదే."

ఈల గొలుసు తిప్పుతూ కూర్చున్నాను.
ఆ పిల్లలో ఏది పసుపు తిరిగింది?
ఎడమకాలు. అది నిరుడే.
వెనక్కి చూడకుండా వెనకెవరున్నారో పసిగట్టడం, అదీను.
తోసేస్తే లేవడం?
లేస్తది, కానీ కళ్లల్లో నీళ్లతో లేస్తది.
కుర్చీలో మనిషి కాగితం మీద ఏదో రాస్తుంటే
ఆ చేతి వంక చూడకుండా పరిగెత్తడం?
అది నాకే రాదు.

"ఈ మేలో పోయి రానీ" అన్నాను,
"టిక్కు కోసం కాదు.
తనలాంటోళ్లు ఎంతమందున్నారో చూసి రావడానికి.
పది అయ్యాక మళ్లీ పోద్ది, అప్పుడు కనపడ్డానికి.
నేను కూడా వస్తాను, కానీ గేటు బయటే ఉంటాను."

"మేలో గ్రేడింగు కూలి ఉంటది సారూ.
రోజుకి మూడొందలేబై."
ఐదు రోజుల లెక్క ఆమె పైకి అనలేదు.
నేనూ అనలేదు.
కర్రకి ఇంకో నాలుగాకులు ఎక్కాయి.
"ఆఖరి తేదీ ఎప్పుడు?"
"ఇరవై."
"ఇయ్యాల పదకొండేగా" అంది.

బ్యారన్ వెనక గోడకి బంతి కొడుతోంది పిల్ల.
లోపల వేడి చూసే రైతు అరిచాడు,
గోడ అదిరితే ఆకు రాలుద్దని.
రెండు నిమిషాలు ఆగింది.
మళ్లీ మొదలు.

టప్. టప్. ఎడమకాలు, కళ్లు మూసుకుని చెప్పొచ్చు.
తర్వాత ఒకటి
గీసుకుపోయిన చప్పుడు, పక్కకెక్కడికో దొర్లిపోయింది.
చీకట్లో వెతుక్కుంటున్న అడుగులు.
మళ్లీ అదే చప్పుడు.

"కుడికాలు" అన్నాను.
ఎస్తేరమ్మ తలెత్తకుండానే అంది,
"నారొస్తంది."