జాతి అన్న గడి

పశుగణన కాగితాలు చంకన పెట్టుకుని
పంటు దిగి లంకలోకి నడిచాను.
గేదెలు నలభై రెండు, మేకలు పదిహేను,
కుక్కలకి గడి ఉంది, పిల్లులకి లేదు.

చివరి ఇల్లు మీరావలీది.
కొబ్బరాకుల పాకలో ఆడగుర్రం,
చెవుల కొసలు లోపలికి వంగి
ఒకదాన్నొకటి ఏదో అడుగుతున్నట్టు.

పేరు? చెంబు, అన్నాడు.
వయసు? తొమ్మిది.
జాతి?

బీడీ ఆర్పాడు.
"తుఫాను ఏడాది రాజోల్లో సర్కసోళ్ళు
గడ్డి బాకీ కింద మా తాతకి వదిలేశారండి, ఓ మగగుర్రాన్ని.
ఇసకలో పుట్టింది. మన ఒండ్రులో మోకాళ్ళదాకా దిగబడేది.
దానికి మా జట్కా పొట్టిదాన్ని కట్టించాడు.
పుట్టినవాటిలో పరుగున్నవి అమ్మేశాడు,
నడకున్నవి ఉంచాడు.
నాలుగు తరాలండి.
ఇప్పుడు మూడే మిగిలాయి. ఇదీ, దీని పిల్లా,
యానాంలో పెళ్ళికొడుకుల్ని మోసే ముసలిదీ."

"ఏం నడక?"
"ఎక్కండి."

మూరెడు గట్టు. ఇటు బోదె, అటు నారుమడి.
అది పరుగు కాదు. నడకా కాదు.
ఒకే రోట్లో నలుగురు ఆడవాళ్ళు దంచుతుంటే
ఏ రోకలీ ఏ రోకలికీ తగలనట్టు
కింద నాలుగు గిట్టలు.
పైన వీపుకి ఆ కబురే తెలీదు.
ఇరవయ్యేళ్ళ సైకిలు నా నడుములో పెట్టిన నొప్పి
మొదటిసారి నోరు మూసుకుని కూర్చుంది.
చెంబు అన్న పేరు ఎందుకో
అప్పుడు అడగక్కర్లేకపోయింది.

కాగితంలో ఉన్నవి మూడే మాటలు:
దేశవాళీ, సంకరం, ఇతరములు.
మీరావలీ కళ్ళెం పట్టుకుని పక్కనే వస్తూ
"రెండోది మాత్రం రాయకండి బాబూ," అన్నాడు.
"మా అమ్మదో పేట, నాన్నదో పేట.
ఆ మాట మా గుమ్మంలోకి ఒకసారి వచ్చి వెళ్ళింది."

రేవులో పంటు కూత వేసింది.
దిగే టైము లేదు.
కాగితం తొడమీద పరుచుకుని, గుర్రం సాగుతుండగానే
ఆ గడిలో "నడక" అని రాశాను.

నెల తర్వాత కాకినాడ ఆఫీసులో చూశాను.
గుమాస్తా ఎర్ర సిరాతో కొట్టేసి
పక్కన "సం." అని వేశాడు.
ఫ్యాను కింద, టేకు బల్ల మీద,
కుర్చీలో స్థిమితంగా కూర్చుని రాసిన అక్షరం.
వంకర.

ఎర్ర గీత కింద నా మూడక్షరాలు,
గుర్రం మీద రాసినవి,
తిన్నగానే ఉన్నాయి.