నాలుగో ఏరేటరు

చీకట్లో రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి
చెవితోనే చెప్పేస్తానండి,
పన్నెండింట్లో ఏది తేడాగా తిరుగుతోందో.
బేరింగు అరిగితే పిల్లి మూలిగినట్టుంటుంది,
గేరుబాక్సులో ఆయిలు ఇంకిపోతే పళ్ళు కొరికినట్టు,
రెక్క ఒకటి ఊడితే
చప్, చప్, చప్, తర్వాత ఒక ఖాళీ.
ఆ ఖాళీ కోసమే నన్ను పిలుస్తారు
ఉండి నుంచి ఆకివీడు దాకా.

నా లోపల ఆ ఖాళీ మొదలైనప్పుడు మాత్రం
గ్యాసనుకున్నాను.

పొద్దుటి పెసరట్టు మీదకి తోశాను.
నాలుగో టీ మీదకి తోశాను.
గోలీసోడా తాగి తేన్చాను.
చొక్కా కింద, ఎడంవైపు,
బకెట్లో పడేసిన మట్టగిడస
ఒకసారి కొట్టుకుని, ఊరుకుని,
గబగబా నాలుగుసార్లు కొట్టుకుని...
అదే ఊరుకుంటుందిలే అని
పానా పట్టుకుని నీళ్ళలోకి దిగాను.

మంగళవారం తెల్లారగట్ట
ఇంజను హ్యాండిలు తిప్పుతుంటే
గట్టు ఒక్కసారిగా పక్కకి ఒరిగింది.
గట్టు కాదు, నేనే.
మేత బస్తా పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాను.
మేత జల్లే కుర్రాడు బిశ్వ చూశాడు.
ఒడియాలో ఏదో అన్నాడు, తెలుగులో "డాక్టరు" అన్నాడు.
ఎవరికీ చెప్పకురా అని
టీ డబ్బులు చేతిలో పెట్టాను.

చెప్పేశాడు. వాడి కడుపు చల్లగుండ.

మార్తమ్మ సిస్టరు గారు స్కూటీ ఆపి
గట్టు మీదే నా మణికట్టు పట్టుకున్నారు.
పావు నిమిషం కాదు, నిండా నిమిషం.
వాచీ చూసి, నన్ను చూసి, మళ్ళీ ఇంకో నిమిషం.
"ఒక దెబ్బ తప్పి మళ్ళీ దారిలో పడ్డం
చాలామందికి ఉండేదేనయ్యా,
నిద్ర చాలకపోయినా, టీ ఎక్కువైనా.
దీనికి అసలు దారే లేదు.
రేకు మీద చినుకులు పడ్డట్టుంది, లెక్కకి రాదు.
కళ్ళు తిరిగాయా?"
లేదన్నాను.
"ఆయాసం? గుండెల మీద బరువు?"
కొంచెం.
"పడిపోయావా?"
బిశ్వ నా వైపు చూశాడు.
నేను చెరువు వైపు చూశాను.

"ఇలాంటప్పుడు బండి తోలుకుంటూ వెళ్ళకూడదు" అని
నా జేబులోంచి మోటారుసైకిలు తాళం లాక్కుని
నూట ఎనిమిదికి ఫోను చేశారావిడ.

భీమవరంలో నా గుండెని కాగితం మీద గీసి చూపించారు.
ఎలుకలు కొరికిన వలలా ఉంది.
డాక్టరమ్మ చిన్నది, మా పెద్దమ్మాయంత.
"పై గదులు కొట్టుకోవట్లేదండి, వణుకుతున్నాయి.
నెత్తురు మూలల్లో నిలిచిపోతుంది,
నిలిచింది గడ్డకడుతుంది,
ఆ గడ్డ కదిలి మెదడుకి వెళితే..."
ఆవిడ ఇంకా చెబుతోంది గానీ
నాకు అర్థమైపోయింది.
రెక్క తిరగని మూల నీరేమవుతుందో
నాకు ఒకరు చెప్పాలా?
అడుగున నల్లబురద, కుళ్ళుగుడ్ల వాసన,
తెల్లారేసరికి రొయ్య తేలిపోవడం.

ఐసు ఫ్యాక్టరీ పుల్లంరాజు గుర్తొచ్చాడు.
వాడూ ఏడాదిపాటు "దడగా ఉందిరా" అనేవాడు.
ఒక రాత్రి అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.
మూతి పక్కకి జారింది, మాట ముద్దయింది.
పొద్దున్నే చూపిద్దాంలే అన్నారు ఇంట్లోవాళ్ళు.
ఆ పొద్దు వాడి కుడిచేతికి
ఇంకా తెల్లారలేదు.

ఇప్పుడు రోజూ మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా.
నెలనెలా పరీక్ష.
పానా జారి వేలు తెగితే మునుపట్లా ఆగదు,
మా ఆవిడ గుడ్డ చుట్టి గట్టిగా నొక్కి పట్టుకుంటుంది,
నొక్కినంతసేపూ తిడుతుంది.
మాత్ర మాత్రం మానను.
పూర్తిగా దారిలో పడిందా అంటే, లేదండి.
కొన్ని రాత్రులు ఆ చేప మళ్ళీ వస్తుంది.
వస్తే లెక్కపెడతాను. లెక్క తప్పితే లేపుతాను ఆవిణ్ణి.

మొన్న రాత్రి రెండింటికి ఫోను.
"మావయ్యా, నాలుగోది తేడాగా మోగుతోంది."
ఎప్పట్నించి?
"సాయంత్రం నుంచి. అదే సర్దుకుంటుందనుకున్నా."
తిట్టబోయి ఆగాను.
ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని చూస్తే
కుడిచేతి వేళ్ళు అప్పటికే
ఎడం మణికట్టు మీదున్నాయి.

వస్తున్నానురా, అన్నాను.
పెట్టెయ్యకు.
ఫోను దాని దగ్గరగా పట్టుకో.
విననీ.