గాలి కొట్టినవాడు

జూబ్లీ సంచికకి అరపేజీ అడిగారు విచారణ ఆఫీసులో.
"మన పాత ఆర్గన్ చరిత్ర. ఫోటో ఉంది.
పొడుగు చెయ్యొద్దు."

సరే, చరిత్ర.
హాలెండు నుంచి మద్రాసుకి ఓడ,
మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలువలో పడవ,
పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువలోకి మలుపు,
దుగ్గిరాల రేవులో పదకొండు పెట్టెలు.
గొట్టాలు చూసిన కానిస్టేబులు తుపాకులనుకుని
రెండు రాత్రులు ఠాణాలో పెట్టాడు.
విడిపించుకున్న హెండ్రిక్స్ స్వాములవారు
ఎడ్లబండ్ల వెనక గుంటూరు దాకా నడిచొచ్చారట,
గతుకు గతుక్కీ ఒక మంగళవార్త జపం చెప్పుకుంటూ.

రెండువందల పన్నెండు గొట్టాలు.
పెద్దది తాటిదూలమంత, చిన్నది చిటికెనవేలంత.
డబ్బిచ్చినవాళ్ళ పేర్లు పాలరాతి మీద ఉన్నాయి,
పొగాకు బ్యారన్ల వారివి కాస్త పెద్ద అక్షరాల్లో.
వాయించిన సిస్టర్ల పేర్లు రిజిస్టరులో ఉన్నాయి.

అరపేజీ ఇక్కడికే అయిపోయింది.

మా తాత తాళ్ళూరి ఇన్నాసి
ఆర్గన్ పెట్టె వెనక ఉండేవాడు,
గోడకీ చెక్కకీ మధ్య మూరెడు సందులో,
చొక్కా విప్పి,
రోకలంత కర్రని కిందికీ పైకీ, కిందికీ పైకీ.
కళ్ళ ముందు దారానికి వేలాడే సీసపు గుండు,
దాని పక్కన గోడ మీద పెన్సిలుతో రెండు గీతలు.
పైగీత అందితే ఊపిరి తీసుకో.
కింది గీత దాటితే పాట చస్తుంది.

ముప్పై ఏళ్ళకి పైగా ఆయన చూసిన పూజ అదే.
పీఠం కనపడదు. లాటిను అర్థం కాదు.
"దేవుణ్ణి పైకెత్తారని నాకెట్టా తెలిసేదిరా అంటే,
గంట మోగేది, నా చేతులు ఆగేయి" అనేవాడు.
నెలకి రెండు రూపాయలు.
క్రిస్మస్‌కి పంచె.

తిత్తి చిరిగిన ఏడు
హాలెండుకి ఉత్తరం రాద్దామన్నారు పెద్దలు.
తాత ఏమీ అనలేదు.
వాళ్ళ బాబాయి లందలోంచి,
తంగేడుచెక్కలో ఊరిన మేకతోలు తెచ్చి
రాత్రిపూట లాంతరు పెట్టుకుని కుట్టాడు.
ఆదివారం ముందు బెంచీలవాళ్ళు
ఏదో వాసనని ముక్కులు మూసుకున్నారు.
అంతలో పాట లేచింది.
మూసుకున్న ముక్కులతోనే పాడారు.

వైశాఖంలో గొట్టాలకి శ్రుతి పెరిగి
సిస్టర్ల గొంతులు చీలేవి.
మిరపబస్తాల బండ్లు గుడి ముందు నుంచి పోయే నెలల్లో
ఆయన తుమ్ము దిగమింగేవాడు,
గుండు ఊగకూడదు కదా.

తర్వాత పూజ తెలుగయింది.
హార్మోనియం వచ్చింది.
గాలి కొట్టే చెయ్యీ వాయించే చెయ్యీ
ఒకే మనిషివి.
పని పోయినా తాతకి అది నచ్చింది.

డెబ్బై ఏడు తుఫానుకి పెంకులు లేచిపోయి
మూడు రోజులు నీళ్ళు తాగింది ఆర్గన్.
ఆనక చెదలు, ఎలుకలు,
ఆనక పాతసామాన్ల బండి, తగరం కిలోల లెక్కన.
ఒక్క గొట్టం మాత్రం నాయనమ్మ అడిగి తెచ్చుకుంది
ఊదుగొట్టానికి పనికొస్తుందని.

పొయ్యి ముందు కూచుని ఊదింది.
మంట రాలేదు.
గాలంతా గొట్టం నడుమ ఉన్న చీలికలోంచి బయటపడి
ఇల్లంతా ఒకటే స్వరం.
మంచం మీద తాత దిగ్గున లేచి కూచున్నాడు.
నాయనమ్మ మళ్ళీ ఊదింది.
ఆయన చేతులు కిందికీ పైకీ, కిందికీ పైకీ.
ఆ పూట అన్నం ఆలస్యమైంది.

నిన్న ఆ సందులోకి వెళ్ళాను.
ఇప్పుడక్కడ ఇన్వర్టరు, చీపుళ్ళు,
గట్టి అట్టతో చేసిన నిరుటి పశువులతొట్టి.
రంగులేసే కుర్రాడు గోడకి దీపం పట్టి
"ఇక్కడేయో గీతలున్నయ్యి సార్,
లప్పం పెట్టెయ్యనా?" అన్నాడు.

రెంటికీ మధ్య చెయ్యి ఆనించి చూశాను.
జానెడూ రెండు వేళ్ళు.
ఏం చెప్పాలో తోచక
"ముందు నువ్వు భోంచేసి రా" అన్నాను.